చాక్‌పీసుల డబ్బా అట్ట మీద రాసిన మాటలు

మా పెద్ద మేడమ్ పోయారన్న వార్త నాకు ఒక పోస్టరుగా వచ్చింది.

పొద్దున ఏడున్నర. మీర్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చే షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఫోన్ మోగితే తీసి చూశాను. స్కూల్ గ్రూపులో కరస్పాండెంట్ సార్ పెట్టిన బొమ్మ. చుట్టూ గులాబీలు, అటూ ఇటూ రెండు దీపాలు, మధ్యలో మేడమ్ ముఖం. పైన 'అశ్రునివాళి' అని ఉంది. కింద, మా స్కూలు వేసే ప్రతి పోస్టరు మీదా ఉండే పసుపు పట్టీ ఉంది. ఆ పట్టీలో స్కూలు పేరు, ఫోన్ నంబరు, 'అడ్మిషన్లు జరుగుతున్నవి' అనే మాట.

ఎవరో తీయడం మరిచిపోయి ఉంటారు, కాసేపట్లో మార్చి పెడతారు అనుకున్నాను. సాయంత్రం దాకా ఎవరూ మార్చలేదు. ఎవరూ అడగలేదు కూడా. దాని కింద వరసగా దండం పెడుతున్న చేతుల బొమ్మలు వచ్చి పడ్డాయి.

మేడమ్ ముఖాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఆమె ఎడమ భుజం పక్కన నీలం చున్నీ అంచు కనపడింది. అది నా చున్నీ. వార్షికోత్సవం రోజు ఆమె పక్కన నిలబడి దిగిన ఫొటో అది. ఇప్పుడు నన్ను కత్తిరించి ఆమెను ఉంచారు. రెండేళ్ళ కింద ఇదే స్కూలు ఆమెను తీసేసి నన్ను ఉంచింది.

ఆమె మా స్కూలు హెడ్మిస్ట్రెస్. కరస్పాండెంట్ అంటే స్కూలు యజమాని. ఎల్బీనగర్ వెళ్ళే పెద్ద రోడ్డుకు రెండు సందుల లోపల ఉంటుంది మా స్కూలు. కింద బైకు సామాన్ల దుకాణం, పైన మూడు అంతస్తుల తరగతులు. నేను ఎమ్మే ఇంగ్లీషు, బీఎడ్ చేసి అక్కడ చేరాను. డాడీ ఎలక్ట్రీషియన్. మా ఇంట్లో టీచరైన మొదటి మనిషిని నేనే. అమ్మ చర్చిలో అందరికీ చెప్పుకుంది.

నేను కాన్వెంటులో చదివాను. మెల్లగా మాట్లాడే పిల్లలంటే సిస్టర్లకు ఇష్టం. వరండాలో మా చెప్పుల చప్పుడు కూడా వినపడకూడదు. నేను ఆ నియమాలన్నీ సంతోషంగా పాటించిన పిల్లను. అడిగితే తప్ప మాట్లాడేదాన్ని కాదు. ఖాళీ దొరికితే లైబ్రరీలో కూర్చునేదాన్ని. అలాంటి గొంతు పట్టుకుని ఏడో తరగతి 'బీ' సెక్షన్‌లోకి వెళ్ళాను.

నలభైమంది పిల్లలు. మొదటి వారంలోనే నా సంగతి కనిపెట్టారు. నేను బోర్డు వైపు తిరగగానే నోరు తెరవకుండా ముక్కుతో మూలిగేవాళ్ళు. తిరిగి చూస్తే అందరూ పుస్తకాల్లోకి చూస్తూ ఉండేవాళ్ళు. ఎవరని పట్టుకోను?

ఆ మూలుగు కంటే రోత పుట్టించేది ఇంకొకటి ఉంది. ప్రతి తరగతిలోనూ కెమెరా, పక్కన స్పీకరు ఉండేవి. కరస్పాండెంట్ సార్ కింద తన గదిలో కూర్చుని తెర మీద అన్ని తరగతులూ చూస్తుండేవారు. ఉన్నట్టుండి స్పీకరు గరగరమనేది.

"సెవెన్ బీ! ఏందా లొల్లి? టీచర్ ఉన్నదా లేదా క్లాసుల?"

పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. నేను చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. ఒక పెద్ద మనిషి, నలభైమంది పిల్లల ముందు, గోడలోంచి నన్ను తిట్టడం. అది రోజూ జరిగేది. మూడో పీరియడ్ సెవెన్ బీ. రెండో పీరియడ్ అయ్యాక నేను స్టాఫ్ బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకునేదాన్ని. ఫినాయిల్ వాసన వస్తే ఇప్పటికీ నాకు సెవెన్ బీ గుర్తొస్తుంది.

స్టాఫ్‌రూంలో నా పక్క కుర్చీ లెక్కల మేడమ్‌ది. గుంటూరు వైపు మనిషి, పాతికేళ్ళ అనుభవం. నన్ను చూసి జాలిపడేది. ఆ జాలి కూడా గట్టిగా అరిచినట్టే ఉండేది.

"నువ్వలా గోడకి చెప్పుకున్నట్టు చెప్తే ఎవరు వింటారమ్మా? ఒక్కడి వీపు విమానం మోత మోగించు, మిగతా వాళ్ళు వాళ్ళే నోరు మూసుకుంటారు."

"నాకు చేతకాదు మేడమ్."

"చేతకాకపోతే జూన్‌లో నీకు ఫోన్ రాదు. చెప్తున్నా."

ఆ మాట బెదిరింపు కాదు. మా స్కూల్లో ఎవరినీ తీసేస్తున్నామని చెప్పరు. వేసవి సెలవుల తర్వాత ఫలానా రోజు రమ్మని ఫోన్ చేస్తారు. ఫోన్ రాని వాళ్ళు అర్థం చేసుకోవాలి. ఎవరికి రాదో తేల్చేది ఒక ఫారం. దాని పేరు పరిశీలన ఫారం. హెడ్మిస్ట్రెస్ ప్రతి టీచర్ క్లాసులో కూర్చుని, గొంతు, క్రమశిక్షణ, బోర్డు రాత, ఇలా ఒక్కోదానికి మార్కులు వేసి సంతకం పెట్టి కింద సార్‌కు పంపాలి. అడుగున ఉన్నవాళ్ళకు ఫోన్ రాదు.

నా గొంతుకు ఎన్ని మార్కులు వస్తాయో నాకు తెలుసు.

పెద్ద మేడమ్ మా క్లాసుకు వచ్చిన రోజు బాగా గుర్తుంది. మోకాళ్ళ నొప్పులవల్ల ఆమె మెట్లు పక్కకు తిరిగి, రెయిలింగు పట్టుకుని, ఒక్కొక్కటే ఎక్కేవారు. ఆ చెప్పుల చప్పుడు రెండో అంతస్తు నుంచే తెలిసిపోయింది. ఆమె లోపలికి వచ్చి, నా వైపు కూడా చూడకుండా చివరి బెంచీ దగ్గరికి వెళ్ళి, "జర జరుగురి బిడ్డా," అని ఇద్దరు పిల్లల మధ్య కూర్చున్నారు. ముదురు రంగు నూలు చీర, నోట్లో ఎప్పుడూ ఉండే లవంగం. చేతిలో ఫారం లేదు.

నేను ఏం చెప్పానో నాకు తెలియదు. బెల్లు కొట్టాక ఆమె లేచి, నా బల్ల మీది చాక్‌పీసుల డబ్బా మూత చింపి, ఆ అట్ట ముక్క మీద ఏదో రాసి, బల్ల మీద బోర్లించి వెళ్ళిపోయారు. పిల్లలందరూ వెళ్ళేదాకా దాన్ని తిప్పి చూసే ధైర్యం రాలేదు.

'గోడ పక్క, నాలుగో బెంచీ పిల్ల. పీరియడ్ మొత్తం ముందుకు వంగి కూర్చుంది. నీ మాట వినాలని.'

అంతే. నా తప్పులు ఒక్కటీ లేవు. నాకు కోపం వచ్చింది. మునిగిపోతున్న మనిషికి ఎవరో ఒడ్డు మీంచి వాతావరణం సంగతి చెప్పినట్టు అనిపించింది. లంచ్‌లో ఆమె గదికి వెళ్ళాను. స్టీలు డబ్బాలోంచి అన్నం, పచ్చి ఉల్లిపాయ తింటున్నారు.

"మేడమ్, నేనేం చెయ్యాలో రాయలేదు."

"నాకేం తెల్సు? నీ క్లాసు నీది."

"నా తప్పులైనా రాయాల్సింది."

"నీ తప్పులు నీకు పొద్దుగాల నుంచి నోటికొచ్చినయి గదా బిడ్డా. అవి మల్ల నేను రాసుడెందుకు? నీకు కనపడంది రాసిన." ఉల్లిపాయ ముక్క నా వైపు జరిపారు. "గా పిల్లను జూడు. ఆమెకొక్కదానికే చెప్పు."

మర్నాడు గోడ పక్క అమ్మాయిని చూస్తూ చెప్పాను. ఆ పిల్ల పెదవులు కదుపుతూ నా మాటలు మళ్ళీ అనుకుంటోంది. అన్ని రోజులూ అక్కడే ఉంది. మూలుగు ఎవరిదని వెతకడంలో నేను ఆమెను చూడలేదు. ఆ పిల్ల ఒక్కతే వింటున్నప్పుడు నా గొంతు వణకలేదు. మూలుగు ఆగిపోలేదు. కానీ ఆ రోజు పాఠం పూర్తయింది.

అలా నెలల తరబడి వచ్చారు. ప్రతిసారీ ఒక అట్ట ముక్క. 'చివరి వరసలో మూలిగే పిల్లగాడు నువ్వు తిరిగి చూస్తావని చూస్తున్నాడు. నువ్వు చూడవు.' ఇంకొకటి: 'ఈ రోజు రెండుసార్లు నవ్వావు. రెండుసార్లూ క్లాసు చప్పుడు చెయ్యలేదు.' ఇవన్నీ కలిపి పదకొండు. నా సంచిలో పుస్తకాల అడుగున దాచుకునేదాన్ని.

ఒకరోజు నన్ను కూడా చివరి బెంచీలో కూర్చోబెట్టారు. పాఠం ఆమె చెప్పారు. మధ్యలో నాలాగే బోర్డు కింది దాకా రాసి, అది నోట్సులోకి ఎక్కించుకో అని నన్నూ పిల్లలతో పాటు రాయమన్నారు. నేను రాయలేకపోయాను. బోర్డు కింది భాగమంతా ముందు వరసల పిల్లల తలల వెనక దాగిపోయింది. నా అక్షరాలు చిన్నవి, నేను కింది దాకా రాస్తాను. ఇన్నాళ్ళూ చివరి నాలుగు బెంచీల పిల్లలకు సగం పాఠం కనపడనే లేదు. కనపడక వాళ్ళు చేసిన పనే మూలగడం.

ఆమె చాక్‌పీసు తీసుకుని బోర్డుకు అడ్డంగా, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక గీత గీశారు.

"గీ గీత కింద రాయొద్దు. రోజు పొద్దుగాల వస్తనే గీసుకో."

ఆ రోజు నుంచి నేను క్లాసులోకి వెళ్ళగానే చేసే మొదటి పని ఆ గీత గీయడం. పిల్లలు కూడా అలవాటు పడ్డారు. మరిచిపోతే గుర్తుచేసేవాళ్ళు.

స్పీకరు సంగతి కూడా చెప్పాలి. ఒక మధ్యాహ్నం మేడమ్ మా క్లాసులో ఉండగానే స్పీకరు అరిచింది. ఆమె నెమ్మదిగా బెంచీ ఎక్కారు. ఆ మోకాళ్ళతో. ఇద్దరు పిల్లలు చెరో వైపు పట్టుకున్నారు. స్పీకరు వెనక వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. దిగి, చీర దులుపుకుని, ఆ వైరు ముక్కను చేతిలో పట్టుకునే కిందికి వెళ్ళారు. సార్‌కు ఏం చెప్పారో ఆయా మాకు చెప్పింది.

"ఎలుకలు కొరికినయి సార్."

"మూడో అంతస్తుకు ఎలుకలొచ్చినయా మేడం?"

"ఎక్కినయి సార్. జర మోకాళ్ళ నొప్పులున్న ఎలుక."

ఆమె ఉన్నంతకాలం ఆ స్పీకరు బాగుచేయించలేదు. రిపేరుకు కాగితం రాసి పంపమని సార్ అడిగితే "పంపుత, పంపుత," అనేవారు.

ఇంకో సంగతి అప్పట్లో నాకు అర్థం కాలేదు. ఆమె ఎవరినీ తన గదికి పిలిచేవారు కాదు. ఆమే వచ్చేవారు. నా క్లాసులో ఎన్నిసార్లు కూర్చుంటే లెక్కల మేడమ్ క్లాసులోనూ అన్నిసార్లు కూర్చునేవారు. లెక్కల మేడమ్ మండిపడేది.

"ఇరవై ఐదేళ్ళ నుంచి చెప్తున్నానండీ నేను. నా క్లాసులో ఈవిడకేం పని? చూసీ చూసీ ఒక అట్ట ముక్క ఇచ్చి పోతుంది. 'నీ చీర బాగుంది' అట! చీర సంగతి అట్ట మీద రాసేదేంటి?"

స్టాఫ్‌రూం అంతా నవ్వేది. నేనూ నవ్వాను. అన్ని క్లాసుల్లోనూ ఆమె సమానంగా కూర్చున్నది, ఏ క్లాసు కష్టంలో ఉందో ఎవరికీ తెలియకుండా ఉండడానికని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. మోకాళ్ళ నొప్పులతో రోజుకు మూడు అంతస్తులు ఎక్కి ఆమె నన్ను దాచిపెట్టారు.

ఫారాలు ఆమె నింపలేదు. ఒక్కటి కూడా. మార్కులు వేస్తే నేను అడుగున ఉంటాను. అందుకని ఎవరికీ వేయలేదు. కింద నుంచి అడిగినప్పుడల్లా, "ఇంకా చూస్తున్న సార్," అనేవారు.

ఇక ఇక్కడి నుంచి రాయడానికి నాకు నా మీదే రోతగా ఉంది. కానీ ఇది రాయకపోతే పైన రాసినదంతా ఆ పోస్టరు లాంటిదే అవుతుంది.

జనవరిలో ఒక రోజు సాయంత్రం కరస్పాండెంట్ సార్ టీచర్లందరినీ కూర్చోబెట్టి తలా ఒక కాగితం ఇచ్చారు. హెడ్మిస్ట్రెస్ పనితీరు మీద టీచర్ల అభిప్రాయం. పేరు రాయాలి. ఎవరికీ చూపించం అన్నారు. నాలుగో ప్రశ్న: 'మీ తరగతిని పరిశీలించి ఫారం ఇచ్చారా?' అవును, లేదు.

నేను 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను.

కాన్వెంటులో మాకు నేర్పింది అదే. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఫారం ఇవ్వలేదు కదా. అట్ట ముక్క ఫారం కాదు కదా. అక్కడితో ఆగి ఉంటే ఇది పొరపాటు అని చెప్పుకునేదాన్ని. కింద 'ఇంకేమైనా చెప్పదలిస్తే' అని రెండు గీతలున్నాయి. ఖాళీ గీతలు వదిలేయడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. సార్ కుర్చీల మధ్య తిరుగుతూ నా వెనక వచ్చి నిలబడ్డారు. ఆయన షర్టుకు కొట్టుకున్న సెంటు వాసన వచ్చింది. 'రాతపూర్వకంగా నాకు ఏ సూచనలూ ఇవ్వలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. అప్పుడు నా ఒళ్ళో ఉన్న సంచిలో పదకొండు అట్ట ముక్కలున్నాయి.

బయటికి వస్తూ లెక్కల మేడమ్‌ను అడిగాను, నాలుగో ప్రశ్నకు ఏం రాశారని.

"ఇచ్చింది అని రాశాను. ఏం?"

"ఇవ్వలేదు కదా మేడమ్?"

ఆమె నన్ను కొత్తగా చూసింది. "నువ్వేం రాశావే?" అంది. నేను చెప్పాను. ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు నా పక్క కుర్చీలో కూర్చోలేదు. రోజూ పెద్ద మేడమ్‌ను ఆడిపోసుకున్న మనిషి, అబద్ధం రాసి ఆమెను కాపాడాలని చూసింది. నేను నిజం రాశాను.

వారం తర్వాత స్టాఫ్ మీటింగు పెట్టారు. ఎవరికీ చూపించమన్న కాగితాల్లోంచి సార్ ఒకటి తీశారు. నా చేతిరాత నాకు దూరం నుంచే తెలిసింది.

"ఒక్క ఫారం నింపలే మేడం మీరు. ఎవరి కోసం నింపలేదో మాకు తెల్వదా? గామె కోసమే గదా. గామెనే రాసింది, ఇనుండ్రి." చదివారు. నా పేరుతో సహా చదివారు.

పెద్ద మేడమ్ చెయ్యి చాపి ఆ కాగితం అడిగి తీసుకున్నారు. కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని, పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా నింపాదిగా చదివారు. తర్వాత నా వైపు తిరిగారు.

"చేతిరాత మంచిగుంది బిడ్డా. బోర్డు మీద గూడ గిట్లనే పెద్దగ రాయి."

సంచి నా ఒళ్ళోనే ఉంది. జిప్పు తీస్తే చాలు. పదకొండు ముక్కలు బల్ల మీద పెడితే చాలు. జిప్పు మీద వేలు పెట్టి, మీటింగు అయ్యేదాకా అలాగే కూర్చున్నాను.

నెలాఖరుకు ఆమె వెళ్ళిపోయారు. ఆరోగ్యం బాగాలేక తనంతట తానే మానేస్తున్నారని సార్ ప్రకటించి, శాలువా కప్పి, ఫొటో దిగారు. ఆ శాలువా మడత మీద దుకాణం స్టిక్కరు ఇంకా ఉంది. వారం తిరక్కుండా సెవెన్ బీ స్పీకరుకు కొత్త వైరు వేశారు. ఫారాలు నింపే పని సీనియర్ టీచర్లకు అప్పగించారు. జూన్‌లో నాకు ఫోన్ వచ్చింది.

ఆమె ఇల్లు వనస్థలిపురంలో. మా ఇంటి నుంచి దూరం కాదు. ఒక ఆదివారం చర్చి నుంచి అటే వెళ్ళాను. గేటు దాకా వెళ్ళాను. గడప దగ్గర ఆమె చెప్పులు, ఎడమది బాగా అరిగి, ఒక పక్కకు వంగి ఉన్నాయి. లోపల టీవీ చప్పుడు. నేను గేటు ముట్టుకోకుండా వెనక్కి వచ్చేశాను. రెండేళ్ళలో మళ్ళీ వెళ్ళలేదు.

ఆమే నన్ను ఒకసారి పట్టుకున్నారు. పోయినేడు దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపులో, మెట్రో స్తంభం నీడలో నిలబడి ఉన్నాను. వెనక నుంచి కేక వినపడింది.

"ఓ సెవెన్ బీ!"

చిక్కిపోయారు. షుగరు కిడ్నీల దాకా వచ్చిందట, దవాఖానకు పోయి వస్తున్నారట. చేతిలో ఎక్స్‌రే కవరు లాంటిది ఉంది. నన్ను చూసి మొదట అడిగింది ఇది.

"గోడ పక్క పిల్ల ఎట్లున్నది?"

"బాగుంది మేడమ్. ఎనిమిదిలో ఉంది. అసెంబ్లీలో చదువుతోంది."

"గట్టిగ చదువుతదా?"

"లేదు మేడమ్. మెల్లగానే. కానీ అందరూ వింటారు."

ఆమె నవ్వారు. లవంగం వాసన వచ్చింది. నేను మొదలుపెట్టాను. "మేడమ్, ఆ రోజు నేను ఆ కాగితంలో..."

"నిజమే రాసినవ్ గదా. ఫారం ఇయ్యలే నేను."

"అట్టలు ఇచ్చారు మేడమ్."

"అవింక ఉన్నయా? పారెయ్. ఇంట్ల చెత్త." బస్సు వచ్చింది. ఆమె పక్కకు తిరిగి, కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కారు. వెనక జనం విసుక్కున్నారు. పై మెట్టు మీంచి తిరిగి, "గొంతు మంచిగైంది నీది," అన్నారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. నాకు క్షమాపణ చెప్పే పని తప్పింది. ఇంటికి వెళ్ళి అన్నం కూడా తిన్నాను. ఆ తేలికదనం గుర్తొస్తే ఇప్పుడు నాకు ఆ ఫినాయిల్ వాసన వస్తుంది.

ఆమె పోయిన ఐదో రోజు స్కూల్లో సంతాప సభ పెట్టారు. కింది హాల్లో ఫ్లెక్సీ కట్టారు. నా చున్నీ అంచు ఈసారి జానెడు ఉంది. కరస్పాండెంట్ సార్ గద్గదంగా మాట్లాడారు. కొత్త టీచర్లను ఆమె సొంత బిడ్డల్లా తయారుచేశారని, ఆమె పేరు మీద ప్రతి ఏటా ఒక అవార్డు ఇస్తామని అన్నారు. ఏ సీనియర్ టీచర్ ఎక్కువ పరిశీలన ఫారాలు నింపితే వాళ్ళకు.

నా పక్కన లెక్కల మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. "ఛీ," అంటోంది.

తర్వాత సార్ నా పేరు పిలిచారు. "మేడం టీచర్లను ఎట్ల తయారుచేసిందో సాక్ష్యం మన ముందే ఉన్నది. రా అమ్మా, రెండు ముక్కలు మాట్లాడు."

నేను మైకు దగ్గరికి వెళ్ళాను. ఈసారి జిప్పు తీశాను. పదకొండు అట్ట ముక్కలు బల్ల మీద పెట్టాను. "ఇవి మేడమ్ నాకు రాసిచ్చినవి," అన్నాను. "ఏమీ రాసివ్వలేదని నేను కాగితం మీద రాశాను. అది చూపించి ఆమెను పంపించారు. అప్పుడు కూడా ఇవి నా సంచిలోనే ఉన్నాయి."

నా గొంతు వణకలేదు. చివరి కుర్చీల దాకా వినపడింది. నాకు తెలుసు.

సార్ చప్పట్లు కొట్టారు.

"చూసిండ్రా? గంత నిజాయితీ! గిదే మేడం నేర్పింది. గిదే మన స్కూల్ కల్చర్."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో అట్ట ముక్కలను వరసగా పేర్చి ఫొటో తీశారు. సాయంత్రానికి అది గ్రూపులో వచ్చింది. కింద పసుపు పట్టీ ఉంది.

నిజం చెప్తే బరువు దిగుతుందని పుస్తకాల్లో చదివాను. దిగలేదు. రెండేళ్ళ కింద, ఆమె ఆ కాగితం చదువుతున్నప్పుడు చెప్పి ఉంటే అది నిజం. ఇప్పుడు చెప్పింది సభలో ఒక అంశం. లెక్కల మేడమ్ మాత్రం ఇంటికి వెళ్ళేముందు వచ్చి, అట్ట ముక్కలన్నీ ఏరి, రబ్బరు బ్యాండు వేసి నా చేతిలో పెట్టింది. "నాదీ ఒకటి ఉంది ఇంట్లో," అంది. "చీర బాగుందన్నది. పారెయ్యలేదు."

మర్నాడు నాకు మూడో పీరియడ్ ఖాళీ. మూడో అంతస్తుకు వెళ్ళాను. సెవెన్ బీకి ఈ ఏడు కొత్త టీచర్ వచ్చింది. నల్గొండ వైపు పిల్ల, ఇరవై మూడేళ్ళుంటాయేమో. రెండో పీరియడ్ అయ్యాక బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఎక్కువసేపు వినపడుతోందని నాకు కొన్నాళ్ళుగా తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆ పిల్లలకు పోయినేడు ఆరో తరగతిలో ఇంగ్లీషు నేనే చెప్పాను. పెద్ద మేడమ్ పాఠం వాళ్ళెవరూ వినలేదు.

నేను లోపలికి వెళ్తే ఆ అమ్మాయి నా చేతుల వైపు చూసింది, ఫారం కోసం. నేను చివరి బెంచీలో, ఇద్దరు పిల్లల మధ్య కూర్చున్నాను.

ఆమె బోర్డు వైపు తిరిగి రాయబోయింది. పిల్లలు ఒక్కసారే అరిచారు.

"టీచర్, గీత! గీత గియ్యలే మీరు!"

ఆమెకు ఆ గీత ఎందుకో తెలియదు. పిల్లలకూ తెలియదు. అయినా చాక్‌పీసు బోర్డుకు ఆనించి ఎడమ నుంచి గీయడం మొదలుపెట్టింది. అప్పుడే పైన గరగరమంది.

"సెవెన్ బీ! ఏందా లొల్లి?"

ఆమె చెయ్యి బోర్డు మధ్యలో ఆగిపోయింది. నలభైమంది పిల్లలు ఆ చేతినే చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. చాక్‌పీసు కొన నుంచి కాస్త పొడి రాలింది. తర్వాత ఆ చెయ్యి మళ్ళీ కదిలింది. నేను కూర్చున్న చోటు నుంచి, ముందు వరసల తలలకు సరిగ్గా పైన, కాస్త వంకరగా, ఆ తెల్ల గీత మెల్లగా ఆ చివరిదాకా వెళ్ళింది.